స్టెమ్ సెల్ ఇంజెక్షన్ కోసం వచ్చిన కుటుంబం: ఒక మైక్రోసెఫలీ కేసు

పాపకు రెండున్నరేళ్లు. తల్లిదండ్రులు నా దగ్గరికి జబ్బేమిటో తెలుసుకోవడానికి రాలేదు. అది తమకు తెలుసనే వాళ్ల నమ్మకం. "పుట్టగానే ఏడవలేదండీ. మెదడుకు ఆక్సిజన్ అందలేదన్నారు. ఇప్పుడు స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే కొత్త కణాలు పుట్టి మెదడు పెరుగుతుందట. చేయించమంటారా, డాక్టర్ గారూ?" అని తండ్రి అడిగారు. ఆయన చేతిలో ఒక సెంటర్ వాళ్లు రాసిచ్చిన ప్లాన్ ఉంది. నడుము దగ్గర వెన్నులోకి విడతలవారీగా ఇంజెక్షన్లు ఇస్తామని అందులో ఉంది.

వద్దని చెప్పి పంపేయడం సులువే. అలా పంపితే వాళ్లు ఇంకోచోటికి వెళ్లి ఇదే ప్రశ్న అడుగుతారు. పాప మెదడు ఎందుకు చిన్నగా ఉంది, అది ఎప్పుడు మొదలైంది అనేది తేలితే ఇంజెక్షన్ ప్రశ్నకు జవాబు అందులోనే ఉంటుంది. కుటుంబం అనుమతితో, వాళ్లను గుర్తుపట్టే వివరాలు తీసేసి ఈ కేసు రాస్తున్నాను. పిల్లల న్యూరాలజీలో ఉన్నవాళ్లకు ఇందులో కొత్తదనం తక్కువ కావచ్చు. ఇలాంటి పిల్లల తల్లిదండ్రులకు, వాళ్లను మొదట చూసే డాక్టర్లకు పనికొస్తుందని నా ఆశ.

పరీక్షలో కనిపించింది

తల చుట్టుకొలత 39 సెంటీమీటర్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టులో ఆ వయసు ఆడపిల్లల సగటు 48కి దగ్గరగా ఉంటుంది. సగటు కన్నా రెండు స్టాండర్డ్ డీవియేషన్లకు (పిల్లల మధ్య మామూలుగా ఉండే తేడాకు అది కొలమానం) మించి తగ్గితే మైక్రోసెఫలీ అంటాం. మూడుకు మించితే తీవ్రమైనదని లెక్క. ఈ పాపది ఆరు దాటింది.

అంత చిన్న తల ఉన్న పాప గదిలోకి నడుచుకుంటూ వచ్చింది. బల్ల మీదున్న టార్చి లాక్కుంది, నన్ను చూసి నవ్వింది, తల్లి ఒడిలో ఒక్క నిమిషం కూర్చోలేదు. నడక ఆలస్యంగా వచ్చిందట, అయినా స్థిరంగా ఉంది. కాళ్లూ చేతుల్లో బిగువు లేదు. మింగడం, చూపు, వినికిడి బాగున్నాయి. ఫిట్స్ ఎప్పుడూ రాలేదు. మాటలు మాత్రం రెండు మూడే. నుదురు వెనక్కి వాలి ఉంది, ముఖం వయసుకు తగ్గట్టే ఉంది.

నాకు మొదటి అనుమానం ఇక్కడే వచ్చింది. ఆక్సిజన్ అందక తల ఇంతగా చిన్నదైపోయిన పిల్లల్లో కండరాలు బిగుసుకుపోవడం, పాలు తాగలేకపోవడం, ఫిట్స్ సాధారణంగా చూస్తాం. మెదడు అంతగా దెబ్బతింటే దాని ఆనవాళ్లు ఒంట్లో కనిపించాలి. ఈ పాపలో అవేవీ లేవు. చిన్నగా ఉన్నా, ఉన్నంతలో పద్ధతిగా కట్టుకున్న మెదడులా అనిపించింది.

ప్రసవం నాటి కాగితాలు తెమ్మన్నాను. నెలలు నిండిన కాన్పు. ఏడవడం కొంచెం ఆలస్యమైన మాట నిజమే. కానీ ఐసీయూలో పెట్టలేదు, ఆ రోజే పాలు తాగింది. డిశ్చార్జి కార్డులో ఒక మూలన తల చుట్టుకొలత రాసి ఉంది: 29 సెంటీమీటర్లు. ఆడపిల్లలకు పుట్టినప్పటి సగటు 34కి కాస్త అటూ ఇటూ.

ఈ కేసులో అన్నిటికన్నా విలువైన ఆధారం అదే. పుట్టే సమయంలో ఆక్సిజన్ తగ్గితే తల ఆ గంటలో కుంచించుకుపోదు. పుట్టినప్పుడు మామూలుగానే ఉండి, ఆ తర్వాతి వారాల్లో, నెలల్లో పెరుగుదల వెనకబడుతుంది. పుట్టినరోజే తల అంత చిన్నగా ఉందంటే కారణం గర్భంలోనే ఉందన్నమాట. పుట్టిన ప్రతి బిడ్డకూ తల కొలిచి రాయాలని, కాన్పు ఒత్తిడికి తల ఆకారం మారి ఉంటుంది కాబట్టి ఒక రోజు ఆగి మళ్లీ కొలవాలని ఎవరు అడిగినా అడగకపోయినా అందరికీ చెబుతుంటాను. ఆ ఒక్క అంకె లేకపోతే ఈ కుటుంబం ఇంకెన్నాళ్లు ఆ గంటనే తలుచుకుంటూ ఉండేదో.

"ఐదో నెల స్కాన్‌లో అంతా బాగుందన్నారు కదా" అని తల్లి అడిగారు. ఇలాంటి కేసుల్లో అది మామూలే. గర్భం మధ్యకాలం దాకా తల కొలత మామూలు హద్దుల్లోనే ఉండి, ఆ తర్వాత వెనకబడటం తరచుగా చూస్తాం. ఒక్క స్కాన్ బాగుందని ధీమా పడలేం.

గర్భంలో తల చిన్నదవడానికి కారణాలు చాలా ఉన్నాయి. సైటోమెగలో వైరస్, రుబెల్లా, టాక్సోప్లాస్మా లాంటి ఇన్ఫెక్షన్లు, తల్లి మద్యం తాగడం, తల్లికి ఫినైల్‌కీటోనూరియా అనే జన్యు జబ్బు ఉండటం. 2015, 2016లలో బ్రెజిల్‌లో జికా వైరస్ ఇదే పని చేసింది. అది పిండం మెదడులోని మూలకణాల్లోకే, అంటే స్టెమ్ సెల్స్‌లోకే, చొరబడి వాటిని చంపేస్తుందని 2016లోనే ప్రయోగాల్లో తేలింది. ఇన్ఫెక్షన్ వల్ల అయితే స్కాన్‌లో క్యాల్షియం మచ్చలు, గాయపడిన కణజాలం గుర్తులు తరచుగా కనిపిస్తాయి. ఈ పాప ఎమ్మారైలో అవి లేవు. మెదడు చిన్నది, మడతలు తక్కువ, ఉన్నవి కూడా సాదాసీదాగా ఉన్నాయి. పొరల అమరిక మాత్రం చెదరలేదు.

దంపతులిద్దరూ దగ్గరి బంధువులు. తండ్రి వైపు ఇంకో బిడ్డకు కూడా తల చిన్నదేనని రెండో విజిట్‌లో చెప్పారు. జన్యు పరీక్ష చేయించాం. ఏఎస్‌పీఎం అనే జన్యువు రెండు ప్రతుల్లోనూ ఒకే మార్పు ఉంది. దానివల్ల ఆ ప్రోటీన్ తయారీ మధ్యలోనే ఆగిపోతుంది. తల్లిలో ఒక ప్రతి, తండ్రిలో ఒక ప్రతి ఇలాగే ఉన్నాయి. ఇద్దరి తలలూ మామూలుగానే ఉన్నాయి. పుట్టుకతో వచ్చే ప్రైమరీ మైక్రోసెఫలీకి అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే కారణం ఈ జన్యువే.

గర్భంలో ఏం జరిగింది

కార్టెక్స్, అంటే మెదడు పైపొర, మొదట్లో ఒక పలచని గోడ. ఆ గోడ నిండా నాడీ మూలకణాలే. అవి ముందు తమ సంఖ్యను పెంచుకుంటాయి: ఒక మూలకణం చీలి రెండు మూలకణాలవుతుంది, అవి నాలుగవుతాయి. తర్వాత పద్ధతి మారుతుంది. చీలినప్పుడల్లా ఒకటి మూలకణంగానే మిగులుతుంది, రెండోది న్యూరాన్ (నాడీకణం) అయ్యే దారి పడుతుంది. పుట్టిన న్యూరాన్ గోడ లోపలి అంచు నుంచి బయటికి పాకుతూ వెళ్లి తన పొరలో కుదురుకుంటుంది. ఏడో నెల వచ్చేసరికి కార్టెక్స్ న్యూరాన్లు దాదాపుగా అన్నీ పుట్టేసి ఉంటాయి.

న్యూరాన్లు పాకే దారిని 1972లో పాస్కో రాకిచ్ అనే నాడీ శాస్త్రవేత్త కోతి పిండాల మెదడులో చూపించారు. లోపలి అంచు నుంచి పైఅంచు దాకా సాగిన సన్నని పొడవాటి కణాలుంటాయి. వాటి పేరు రేడియల్ గ్లియా. న్యూరాన్లు వాటిని పట్టుకుని పైకి వెళ్తాయి. అప్పట్లో ఆ కణాలు ఊతం మాత్రమేనని, న్యూరాన్లు వేరే కణాల నుంచి వస్తాయని అనుకునేవారు. 2000లో మాగ్డలీనా గెట్స్ బృందం, 2001లో ఆర్నాల్డ్ క్రీగ్‌స్టీన్ బృందం ఎలుకల మీద చేసిన పనితో అసలు సంగతి బయటపడింది. ఊతమిచ్చే ఆ కణాలే న్యూరాన్లను కంటున్నాయి. పుట్టిన కణం తన తల్లి కణాన్నే పట్టుకుని పైకి పాకుతోంది. ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్లు పులకరించే విషయం ఇది. 2010లో మనిషి పిండాల్లో ఇంకో రకం కూడా పెద్ద సంఖ్యలో ఉన్నట్టు తేలింది. లోపలి అంచును వదిలి పైకి జరిగి, అక్కడ కూడా చీలుతూనే ఉండే రేడియల్ గ్లియా అవి. మన కార్టెక్స్ అంత విశాలంగా, అన్ని మడతలతో ఉండటంలో వాటి పాత్ర పెద్దదని భావిస్తున్నారు.

తల్లిదండ్రులకు నేను దీన్ని విత్తనాల లెక్కలో చెప్పాను. పండిన గింజల్ని మొదటి కొన్ని పంటల దాకా మొత్తం విత్తనానికే ఉంచితే పొలం విస్తరిస్తుంది. తొందరపడి రెండో పంట నుంచే వండుకోవడం మొదలుపెడితే తిండికైతే దొరుకుతుంది, పొలం మాత్రం ఎప్పటికీ చిన్నదిగానే ఉండిపోతుంది. పాప మెదడులో మూలకణాలు కావలసినన్ని కాకముందే న్యూరాన్లుగా మారిపోయాయి. తండ్రికి లెక్కలంటే ఇష్టమట, అందుకని అంకెలతో కూడా చెప్పాను. వెయ్యి మూలకణాలు పదిసార్లు రెట్టింపైతే పది లక్షలు దాటుతాయి. ఎనిమిదిసార్లే అయితే రెండున్నర లక్షల దగ్గర ఆగిపోతాయి. తగ్గింది రెండు విడతలే, మిగిలింది నాలుగో వంతు.

కార్టెక్స్ ఎంత వెడల్పుగా ఉంటుందన్నది మొదట్లో పోగైన మూలకణాల సంఖ్య మీద, ఎంత మందంగా ఉంటుందన్నది అవి తర్వాత ఎన్ని న్యూరాన్లను కంటాయన్నదాని మీద ఆధారపడుతుందని రాకిచ్ 1988లో ప్రతిపాదించారు. ఈ పాప ఎమ్మారై చూస్తూ అది గుర్తు చేసుకోకుండా ఉండలేం. పొరలు ఉన్నాయి, వరుస ఉంది, తగ్గింది వైశాల్యం. నడవగలగడం, నవ్వగలగడం, మనుషుల్ని గుర్తుపట్టగలగడం అందుకే సాధ్యమయ్యాయి.

మరి మూలకణాలు ఎందుకు తొందరపడ్డాయి? కణం చీలే ముందు క్రోమోజోముల్ని రెండు వైపులకు లాగే దారాల అమరిక ఒకటి ఏర్పడుతుంది. దాన్ని స్పిండిల్ అంటారు. ఏఎస్‌పీఎం ప్రోటీన్ ఆ స్పిండిల్ రెండు కొసల దగ్గర ఉంటుంది. ఇదే జన్యువు ఈగల్లో చెడిపోతే స్పిండిల్ సరిగా ఏర్పడదని అప్పటికే తెలుసు. మనుషుల్లో అది మైక్రోసెఫలీకి కారణమని 2002లో జెఫ్రీ వుడ్స్, క్రిస్టఫర్ వాల్ష్ తదితరులు చూపించారు. రేడియల్ గ్లియా కణానికి లోపలి అంచుతో ఉండే అతుకు చాలా సన్నది. రెండు పిల్ల కణాలూ మూలకణాలుగా మిగలాలంటే చీలిక సరిగ్గా ఆ అతుకు మధ్య నుంచి పోవాలి. స్పిండిల్ కాస్త ఒరిగినా ఒక కణానికి ఆ అతుకు దక్కదు, అది న్యూరాన్ దారి పడుతుంది. ఎలుక పిండాల్లో ఏఎస్‌పీఎంను తగ్గిస్తే ఇలాగే జరుగుతుందని వీలాండ్ హుట్నర్ బృందం 2006లో గమనించింది.

అయితే పూర్తిగా ఆ జన్యువు లేని ఎలుకల మెదడు కొద్దిగానే తగ్గుతుంది, మనుషుల్లోలా కాదు. ఎలుక మెదడుకు మడతలు లేవు, పైకి జరిగే ఆ రెండో రకం మూలకణాలూ చాలా తక్కువ. అందుకే వాల్ష్ బృందం ఫెరెట్ అనే జంతువును ఎంచుకుంది. దాని మెదడుకు మడతలుంటాయి. 2018లో ప్రచురించిన ఆ పనిలో ఏఎస్‌పీఎం లేని ఫెరెట్ల మెదడు బరువు 25 నుంచి 40 శాతం దాకా తగ్గింది. మూలకణాలు లోపలి అంచును వేళకు ముందే వదిలేసి పైకి వెళ్లిపోతున్నాయని తేలింది. స్పిండిల్ ఒరగడం ఒక్కటే మొత్తం కథ కాదని ఇప్పుడు చాలామంది ఒప్పుకుంటారు.

మనిషి కణాల్లోనే ఈ తొందరను చూపించిన పని 2013లో వచ్చింది. మాడలిన్ లాంకాస్టర్, యుర్గెన్ నోబ్లిఖ్ బృందం సీడీకే5ఆర్ఏపీ2 అనే మరో మైక్రోసెఫలీ జన్యువు దెబ్బతిన్న రోగి చర్మ కణాలు తీసుకుంది. జపాన్ శాస్త్రవేత్త శిన్యా యమనాకా పద్ధతిలో వాటిని మూలకణాలుగా మార్చి, ప్రయోగశాల గిన్నెలో కొన్ని మిల్లీమీటర్ల మెదడు కణజాలాన్ని పెంచింది. దాన్నే ఆర్గనాయిడ్ అంటున్నాం. ఆరోగ్యవంతుల కణాలతో పెంచినవాటి కన్నా ఇవి చిన్నగా వచ్చాయి, న్యూరాన్లు ముందే పుట్టుకొచ్చాయి. లోపించిన ప్రోటీన్‌ను తిరిగి అందిస్తే పరిస్థితి కొంత మెరుగైంది. ఆ చివరి వాక్యం విని తండ్రి ముందుకు వంగారు. "అంటే బాగుచేయొచ్చా?" అన్నారు. ఆ గిన్నెలో అప్పటికి ఇంకా మూలకణాలు చీలుతూనే ఉన్నాయని, పాప మెదడులో ఆ దశ పుట్టకముందే ముగిసిందని చెప్పాల్సి వచ్చింది. ఈ మాట చెప్పడం ఎప్పుడూ కష్టమే.

ఇంజెక్షన్ సంగతి

తండ్రి తెచ్చిన ప్లాన్‌ను మేం ముగ్గురం కలిసి చదివాం. ఎక్కించేవి బొడ్డుతాడు రక్తం నుంచి, ఎముక మజ్జ నుంచి తీసిన కణాలని రాసి ఉంది. ఆ కణాల పని వేరు. వాటిని వెన్నులోని నీళ్లలోకి వదిలితే కార్టెక్స్ న్యూరాన్లుగా మారి, తమ పొర వెతుక్కుని, వేల కనెక్షన్లు కలుపుకుంటాయనడానికి ఆధారం లేదు. నిజమైన నాడీ మూలకణాల్నే ఎక్కించినా దారి ఏది? న్యూరాన్లు పట్టుకుని పాకే రేడియల్ గ్లియా తమ పని ముగిశాక చాలావరకు ఆస్ట్రోసైట్లు అనే సహాయక కణాలుగా మారిపోతాయి.

"పాప మెదడులో సొంత మూలకణాలు ఏమీ మిగల్లేదా?" అని తల్లి అడిగారు. మంచి ప్రశ్న. పుట్టిన తర్వాతి మొదటి కొన్ని నెలల్లో మనిషి మెదడు ముందు భాగంలోకి చిన్న న్యూరాన్లు వలస వెళ్తుంటాయని 2016లో ఒక బృందం చూపించింది. పెద్దయ్యాక హిప్పోక్యాంపస్‌లో, అంటే జ్ఞాపకాలకు కీలకమైన మెదడు భాగంలో, కొత్తవి పుడతాయా అన్నదాని మీద శాస్త్రవేత్తల్లో ఇప్పటికీ పెద్ద వాదన ఉంది. ఏ పక్షం నెగ్గినా, కార్టెక్స్‌ను మళ్లీ కట్టేంత శక్తి వాటికి లేదు.

పార్కిన్సన్ జబ్బుకు మూలకణాల నుంచి తయారుచేసిన డోపమైన్ కణాల్ని మెదడులో పెట్టిన తొలిదశ ట్రయల్స్ ఫలితాలు 2025లో వచ్చాయి. తండ్రి ఆ వార్త చదివారు. అక్కడ తగ్గింది ముఖ్యంగా ఒక రకం కణం, పెట్టాల్సింది తెలిసిన ఒక చోట, జరిగింది పర్యవేక్షణ ఉన్న ట్రయల్. ఇక్కడ మొత్తం పైపొర వైశాల్యమే తక్కువ. ఆ రెండింటినీ ఒక గాటన కట్టలేం.

ఇస్తే పోయేదేముంది అనే ఆలోచన ఆయనకు ఇంకా ఉందని తెలుస్తూనే ఉంది. అప్పుడు 2009లో ప్రచురితమైన ఒక కేసు చెప్పాను. అటాక్సియా టెలాంజియెక్టేసియా అనే జన్యు జబ్బున్న బాలుడికి మాస్కోలో పిండాల నుంచి తీసిన నాడీ మూలకణాలు మెదడులోకి, వెన్నునీటిలోకి ఎక్కించారు. మొదటి చికిత్స జరిగిన నాలుగేళ్లకు మెదడులోనూ వెన్నులోనూ గడ్డలు బయటపడ్డాయి. పరీక్షిస్తే ఆ గడ్డ కణాలు బాలుడివి కావు, కనీసం ఇద్దరు దాతలవి. మూలకణాల బలమే చీలుతూ పోవడం. ఎప్పుడు ఆగాలో చెప్పే పరిసరాలు లేనిచోట ఆ బలమే ప్రమాదమవుతుంది. ఆధారం లేని చోట డబ్బు తీసుకుని పిల్లల వెన్నులో సూది గుచ్చడాన్ని నేను చికిత్స అనను.

వాళ్లు ఆ సెంటర్‌కు వెళ్లలేదు.

ఆ తర్వాత

పుట్టాక మెదడు పెరగడానికి కారణం ఎక్కువగా కొత్త న్యూరాన్లు కాదు. ఉన్న న్యూరాన్లు కొమ్మలు వేస్తాయి, ఒకదానితో ఒకటి కలుస్తాయి, సహాయక కణాలు పెరుగుతాయి, వాటి పొడవాటి తీగల మీద మైలిన్ అనే కొవ్వు తొడుగు ఏర్పడుతుంది. ఈ పని పాపలో జరుగుతూనే ఉంది. మా ప్లాన్ అంతా దాని మీదే కట్టాం. స్పీచ్ థెరపీ, సైగలతో బొమ్మలతో సంభాషణ, కుదురుగా కూర్చోవడానికి ఆక్యుపేషనల్ థెరపీ, ఏటా చూపు, వినికిడి పరీక్షలు. ఫిట్స్ కొద్దిమందిలో వస్తాయి కాబట్టి వస్తే ఇంట్లో ఏం చేయాలో ముందే నేర్పాం. ఇంటెలిజెన్స్ మామూలుగా ఉంటుందని నేను చెప్పలేదు. చాలామందిలో తేలికపాటి నుంచి ఓ మోస్తరు దాకా, కొందరిలో అంతకు మించి లోపం ఉంటుంది. కానీ ఈ జబ్బులో నేర్చుకున్నది సాధారణంగా వెనక్కి పోదు. ఆ మాటకు వాళ్లిద్దరూ బాగా ధైర్యం తెచ్చుకున్నారు.

తల్లి నన్ను ఒంటరిగా కలిసి అడిగిన ప్రశ్న వేరే. కాన్పు గదిలో తను సరిగా సహకరించకపోవడం వల్లే పాపకు ఇలా అయిందని రెండున్నరేళ్లుగా ఆమె మనసులో ఉంది. "అమ్మా, నొప్పులు మొదలవడానికి నెలల ముందే ఇది జరిగిపోయింది. మీరు చేసినదేదీ దీనికి కారణం కాదు. మీరు ఇంకేం చేసి ఉన్నా ఇది ఆగేది కాదు" అని చెప్పాను. కారణం కచ్చితంగా తేలడం వల్ల చికిత్స మారకపోవచ్చు గాక, ఆ ఒక్క మాట ధీమాగా చెప్పగలిగినందుకైనా జన్యు పరీక్ష చేయించడం సబబే అంటాను.

ఇంకో బిడ్డ కావాలనుకుంటే ప్రతి గర్భంలోనూ మళ్లీ ఇలా జరిగే అవకాశం 25 శాతం. ఇప్పుడు మార్పు ఏదో తెలుసు కాబట్టి మూడో నెలలో మాయ నుంచి చిన్న ముక్క తీసి గానీ, 15 వారాల తర్వాత ఉమ్మనీరు తీసి గానీ చూడొచ్చు. చూడాలా, చూశాక ఏం చేయాలి అన్నది వాళ్ల నిర్ణయం. జెనెటిక్ కౌన్సెలర్‌తో కూర్చున్నారు, ఇంకా ఆలోచిస్తున్నారు.

పాపకు ఇప్పుడు నాలుగేళ్లు. తల కొంచెమే పెరిగింది, చార్టులో ఇంకాస్త కిందికి జారింది. అది ఊహించిందే. రెండు మాటలు కలిపి అడుగుతోంది, కావాల్సిన బొమ్మ వేలితో చూపిస్తోంది, చెంచాతో తనే తింటోంది. వచ్చే విజిట్‌లో స్కూలుకు సంబంధించిన అసెస్‌మెంట్ పెట్టుకున్నాం. ఆరోగ్యంగా ఉన్న పాప అన్నయ్యకు కూడా జన్యు పరీక్ష చేయమని తండ్రి అడిగారు. అతను ఒక మారిన ప్రతిని మోస్తూ ఉండే అవకాశం మూడింట రెండు వంతులు, దానివల్ల అతని ఆరోగ్యానికి ఏమీ కాదు. అందుకే ఇప్పుడు చేయడం లేదు. పెద్దయ్యాక తెలుసుకోవాలో వద్దో అతనే చెప్పాలి. ఆ మాట ఫైల్లో రాసి, రిపోర్టుల కాపీ ఒకటి అతని కోసం విడిగా దాచమని తల్లిదండ్రులకు ఇచ్చాను.